ముప్పై నాలుగు శాతం తుప్పు

కృపానందం ఇరవై ఏడేళ్లుగా ప్రభుత్వం వారికి లాకులూ తూములూ వంతెనలూ కట్టి పెడుతున్నాడు. అన్నీ బల్లల మీదే. అతను పనిచేసే జల నిర్మాణాల నమూనా శాఖ జిల్లా కేంద్రంలో ఒక పాత బంగళాలో ఉంటుంది. కాలవల మీదున్న ప్రతి కట్టడానికీ అక్కడొక చిన్న నకలు ఉంది. బయట ఇరవై అడుగులున్నది లోపల ఒక అడుగు. ఇంజనీర్లు ఎండన పడి తిరగకుండా ఫ్యాను కింద నిలబడి కట్టడాలను పర్యవేక్షించడానికి ఎప్పుడో ఒక దొర చేసిన ఏర్పాటది. దొర వెళ్లిపోయాడు. ఫ్యాను మిగిలింది.

చెక్కతోనూ రేకుతోనూ ఆ నమూనాలు చేసి రంగులెయ్యడం కృపానందం ఉద్యోగం. మంచి పనివాడు. కానీ శాఖలో రంగులకు ఒకటే పద్ధతి: ఇనుమైతే వెండి రంగు, నీళ్లయితే ఆకాశనీలం, గోడైతే తెల్లసున్నం. అరవై నాలుగు కట్టడాలూ పెళ్లివారింట్లో పందిరి గుంజల్లా తళతళలాడుతూ ఉండేవి. ఏది ఏ ఊరి లాకో కింద అతికించిన చీటీ చదివితే తప్ప చేసిన అతనికే తెలిసేది కాదు.

ఆ మార్చిలో రాజధాని నుంచి ఒక సర్క్యులర్ దిగింది. పై అధికారి ఒకాయన విదేశాల్లో ఏదో మ్యూజియంలో జానెడు రైలింజను నమూనా చూశారట. దాని పొగగొట్టానికి మసి, చక్రాలకు బురద, పక్కన పెచ్చులూడిన రంగు ఉన్నాయట. ఆయన అక్కడికక్కడే కదిలిపోయి, తిరిగొచ్చిన మర్నాడే ఈ ఉత్తరువు జారీ చేశారు. సీనియర్ అసిస్టెంటు హేమసుందరి దాన్ని అందరికీ వినిపించేలా చదివింది.

"ఇకమీదట నమూనాలు యథాతథముగా ఉండవలెను. కట్టడము ఏ స్థితిలో ఉన్నదో నమూనాయు ఆ స్థితిలోనే ఉండవలెను. ఒకసారి అట్లు వేసిన రంగును, కట్టడములో మార్పు జరిగినట్లు రుజువు లేనిదే, మార్చరాదు."

చదివి కళ్లద్దాలు తీసి అంది. "కృపానందం గారూ, మీకు మంచి రోజులొచ్చాయండి. ఇక మీరు ఉన్నదున్నట్టు వెయ్యొచ్చు."

కృపానందానికి కళ్లు చెమర్చినంత పనైంది. ఇరవై ఏడేళ్లుగా వెండి రంగు పూసీ పూసీ అతని చేతికి విసుగు పుట్టింది. మర్నాడే మోటారు సైకిలు వేసుకుని పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదగరువు లాకులకు బయల్దేరాడు. అక్కడి లస్కరు దావీదు అతని భార్యకు స్వయానా తమ్ముడు. గేటు ఎత్తడం, దించడం, కాలవ నీటిమట్టం రాసుకోవడం దావీదు పని. గట్టు దిగువనే ఇల్లు.

"సూడు బావా, నీకేటి కావాలో బాగా సూసుకో," అని దావీదు గేటు దగ్గరికి తీసుకెళ్లాడు.

కాలవకు అడ్డంగా ఇరవై అడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న ఇనప గేటు. ఒకప్పుడు నీలం రంగు ఉండేదనడానికి వెలిసిన పెచ్చులు ఇంకా మిగిలాయి. అవి ఊడిన చోటల్లా ఎరుపూ గోధుమా నలుపూ కలగలిసి పొరలు పొరలుగా లేచి ఉంది. బోల్టుల కింద నుంచి కారిన చారలు కన్నీళ్లు ఎండినట్టున్నాయి. దావీదు ఒక చోట బొటనవేలు పెట్టి నొక్కితే వేలు కణుపుదాకా దిగిపోయింది.

"ఆరేళ్లయ్యింది బావా నేను రాత్తా. పదకొండు అర్జీలు పెట్టేను. ఈసారి వరద నీరొచ్చి దీని మీద పడిందంటే గేటు ఉంటాదా? కిందనున్న నాలుగూళ్ల ఆకుమళ్లూ కొట్టుకుపోతాయి. మా కొంప సంగతి సెప్పక్కర్లేదు."

"ఏమన్నారు మరి?"

"అందిందన్నారు. పదకొండిటికీ పదకొండు రసీదులిచ్చేరు."

కృపానందం గేటుకు ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు. రంగుల పుస్తకం తీసి, ప్రతి చారా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఏ బోల్టు కింద ఎంత ఎరుపుందో మధ్యాహ్నం దాకా రాసుకున్నాడు. బామ్మర్ది బాధ గుండెలో ఒక పక్క కెలుకుతూనే ఉంది. చేతికి దొరికిన పని ఆనందం ఇంకో పక్క ఉరకలేస్తూనే ఉంది. రెండోదానికి కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

తిరిగొచ్చి పదిహేను రోజులు తలెత్తలేదు. ముందు గేటు నమూనాకు తుప్పు రంగు పూత వేశాడు. అది ఆరాక తడి చేసి అక్కడక్కడా రాళ్లుప్పు అద్దాడు. ఉప్పు మీద నీలం రంగు వేసి, ఆరిన తర్వాత పాత పళ్లబ్రష్షుతో ఉప్పు రాల్చేశాడు. ఉప్పున్న చోటల్లా నీలం ఊడిపోయి, ఏళ్ల తరబడి పెచ్చులు లేచినట్టు కింది ఎరుపు బయటపడింది. ఇనప రజను వెనిగర్‌లో మూడు రోజులు నానబెట్టి ఆ నీళ్లు బోల్టుల కింద దించాడు. చిక్కటి టీ డికాక్షన్‌తో నీటిమట్టం గీతలు తెచ్చాడు. ఇటిక పొడి స్పాంజి ముక్కతో అద్ది, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో పై నుంచి కిందికి ఒక్కొక్క చారా లాగాడు. పాచి కోసం ఎండబెట్టిన కొత్తిమీర పొడి చల్లాడు. చివరికి దావీదు వేలు దిగిన చోట సూదితో ఆవగింజంత కన్నం పొడిచాడు.

పని పూర్తయిన రోజు హేమసుందరి వచ్చి చూసి, గేటును ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మో, ఇది ముట్టుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోవాలేమోనండి!"

అంత మెప్పు కృపానందానికి పెళ్లయ్యాక ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు శాఖ ప్రత్యేకాధికారి నిడమర్తి ఉమాపతి గారు తనిఖీకి వచ్చారు. ఆయన ఉద్యోగంలో చేరి పందొమ్మిదేళ్లయింది. అన్ని కాలవలూ ఆయనకు కంఠతా వచ్చు. ఒక్క కాలవ గట్టు కూడా ఎక్కలేదు. అరవై మూడు వెండి కట్టడాలను సంతృప్తిగా చూసుకుంటూ వచ్చి, అరవై నాలుగో దాని దగ్గర ఆగిపోయారు. జేబులోంచి భూతద్దం తీశారు.

"ఇదేమిటి?"

"తుప్పండి."

"తుప్పని నాకు తెలుస్తోంది. ఈ తుప్పుకు అనుమతి ఉన్నదా అని అడుగుతున్నాను."

"పెదగరువు గేటుకు అలాగే ఉందండి. సర్క్యులర్‌లో ఉన్నదున్నట్టు చెయ్యమన్నారు కదండీ."

"అక్కడ ఉండుట వేరు, ఇక్కడ ఉండుట వేరు," అన్నారు ఉమాపతి. "అక్కడున్నది కేవలం ఉన్నది. ఇక్కడున్నది ప్రభుత్వం ఒప్పుకున్నది. మే నెలాఖరున మంత్రివర్యులు ఈ ప్రదర్శన తిలకించబోతున్నారు. హేమసుందరి గారూ, సదరు గేటు నిర్వహణ రిజిస్టరు తెప్పించండి."

రిజిస్టరు వచ్చింది. గత నవంబరులో పెదగరువు గేటుకు తుప్పు గీకించి, రెండు పూతల రంగు వేయించి, పని సంతృప్తికరంగా ఉన్నట్టు ధ్రువీకరించి ఉంది. ధ్రువీకరించిన సంతకం ఉమాపతి గారిదే. ఆయన దాన్ని ఒక నిమిషం తదేకంగా చూశారు.

"చూశారా! గేటుకు తుప్పు లేదు. కాబట్టి ఈ శాఖ పరిధిలో ఎక్కడైనా తుప్పు ఉన్నదీ అంటే, అది ఈ బల్ల మీద మాత్రమే ఉన్నది. ఇది అనధికార తుప్పు."

"ఒక్కసారి వెళ్లి చూద్దామండి," అన్నాడు కృపానందం.

"రిజిస్టరు ఇక్కడ ఉండగా అక్కడికి వెళ్లవలసిన అవసరమేమున్నది?"

వెండి రంగు మళ్లీ పూసేస్తే సరిపోయేది. కానీ సర్క్యులర్ ఒప్పుకోదు. కట్టడంలో మార్పు జరిగితే తప్ప వేసిన రంగు మార్చకూడదు. రిజిస్టరు ప్రకారం నవంబరు తర్వాత కట్టడంలో ఏ మార్పూ జరగలేదు. దాంతో ముగ్గురు సభ్యుల సంఘం ఒకటి ఏర్పడింది. వాళ్లు గేటు నమూనా మీద పారదర్శకమైన గళ్ల కాగితం పరిచి, తుప్పున్న గళ్లూ లేని గళ్లూ లెక్కపెట్టి, తుప్పు ముప్పై నాలుగు శాతమని తేల్చారు. రెండో సమావేశంలో ఒక సభ్యుడికి అనుమానం వచ్చి నమూనా కాలవలో గ్లాసుడు నీళ్లు పోశాడు. కృపానందం పొడిచిన కన్నంలోంచి ఒక బొట్టు గేటు అవతలికి జారి, బల్ల అంచున వేలాడి, నేల మీద పడింది.

సంఘం లేచి నిలబడింది.

"లీకేజీ!" అన్నారు ఉమాపతి, గొంతు తగ్గించి. "ప్రధాన కార్యాలయంలోనే!"

ఆ సాయంత్రానికల్లా నమూనా చుట్టూ ఎర్ర తాడు కట్టారు. గేటుకు ఆసరాగా చింతగింజలంత ఇసుక మూటలు నూటరెండు కుట్టించి పేర్చారు. ఒక వాచ్‌మన్‌ను కాపలా పెట్టి, రోజుకు మూడుసార్లు నీటిమట్టం నమోదు చెయ్యమన్నారు. కాలవలో ఉన్నది గ్లాసుడు నీళ్లు, అదీ ఫ్యాను గాలికి ఎండిపోతోంది. అందువల్ల వాచ్‌మన్ రిపోర్టుల్లో మట్టం పూటపూటకూ తగ్గుతూ వచ్చింది. "పరిస్థితి అదుపులోనికి వచ్చుచున్నది" అని రాజధానికి సమాచారం వెళ్లింది.

అదే వారం దావీదు పన్నెండో అర్జీ వచ్చింది. పెదగరువు గేటు పట్టు తప్పుతోందని, ఏప్రిల్‌లో కాలవ కట్టేసిన సమయంలోనే మార్చకపోతే జూన్ నీటికి నిలవదని రాశాడు. ఉమాపతి గారు దాని మీద స్వహస్తాలతో ఇలా వ్యాఖ్యానించారు: "సదరు గేటు విషయమై ప్రధాన కార్యాలయమందు అత్యవసర చర్యలు యుద్ధప్రాతిపదికన జరుగుచున్నవి. అర్జీదారు ఆందోళన చెందనక్కరలేదు."

ఆ కాగితం చూసి కృపానందానికి రెండు రోజులు అన్నం సయించలేదు. భార్య ఎస్తేరు కంచం ముందు కూర్చుని, "నీ బొమ్మ గేటుకి నూటరెండు ఇసక మూటలేసేరంట. మా తమ్ముడి గేటుకి ఒక్కటీ లేదా?" అని అడిగింది. బొమ్మ అన్నందుకు కోప్పడదామనుకున్నాడు గానీ కంచంలోకి తల దించుకున్నాడు.

సంఘం తుది నివేదిక మే మొదటి వారంలో వచ్చింది. రంగు మార్చడానికి వీల్లేదు కనుక, తుప్పుతో సహా గేటునే తీసేసి దాని స్థానంలో కొత్త గేటు అమర్చాలని సిఫారసు చేసింది. గేటు మార్పిడి అంటే శాఖ వర్క్‌షాపు నుంచి తెప్పించాలి. అత్యవసర కోటా కింద అయితే ఏ అభ్యంతరాలూ లేకుండా ఇరవై రోజుల్లో చేసిస్తారు. ఫారం నింపే పని కృపానందానికే అప్పజెప్పారు.

హేమసుందరి ఎదురుగా కూర్చుని అతను ఫారం తెరిచాడు. కట్టడం పేరు: పెదగరువు లాకులు. వస్తువు: గేటు. తర్వాత పొడవు, ఎత్తు, మందం. పెన్ను ఆగింది.

"ఇది నమూనాకండి అని ఎక్కడ రాయాలండి?"

ఆమె ఫారం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దానికి గడి లేదండి."

"అయితే పొడవు ఎంతని రాయను?"

"పెదగరువు లాకుల గేటు పొడవు ఎంతండి?"

"ఇరవై అడుగులు."

"ఫారం అదే అడుగుతోంది కదండీ." ఆమె మొహంలో ఏ భావమూ లేదు. "అడిగింది రాస్తే ఫైలు ముందుకెళ్తుంది. అడగనిది రాస్తే తిరిగొస్తుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటేనండి."

కృపానందం చాలాసేపు ఆమె వైపు చూశాడు. అబద్ధమాడని మనిషి. ఫారం మళ్లీ మొదటి నుంచీ చదువుకున్నాడు. అందులో అతను రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఇరవై అడుగులు, ఎనిమిది అడుగులు, అర అంగుళం అని రాశాడు. ఉమాపతి గారు ఆ సమయానికి నమూనా మీది కొత్తిమీర పాచిని భూతద్దంతో కొలుస్తున్నారు. అలాగే వంగి సంతకం పెట్టేశారు.

ఇరవై మూడో రోజున బంగళా ముందు ఒక పొడవాటి లారీ ఆగింది. దాని మీద నీలం రంగు మెరుస్తూ ఇరవై అడుగుల కొత్త గేటు. డ్రైవరు దిగి ఉమాపతి గారికి రసీదు చూపించి, "ఎక్కడ బిగించాలండి? ఆ హాల్లోనాండి?" అని అడిగాడు. హాలు తలుపు వెడల్పు నాలుగడుగులు.

ఉమాపతి గారు గేటు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వెళ్లి వచ్చారు. పందొమ్మిదేళ్లలో ఆయన ఒక నిజమైన గేటును అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

"ఇది... పెద్దదిగా ఉన్నదే!"

"కొలతలన్నీ తమరు మంజూరు చేసినవేనండి," అంది హేమసుందరి.

 పొరపాటని ఒప్పుకుంటే విచారణ. వెనక్కి పంపితే ఎందుకు పంపారని విచారణ. బంగళా ముందు వదిలేస్తే మూడు రోజుల్లో మంత్రిగారి కారు ఆగవలసిన చోటు అది. ఆయన వరండాలోని కుర్చీలో కూలబడి, "దీనిని తక్షణం ఎక్కడైనా భద్రపరచాలి," అన్నారు నీరసంగా. "ఎవరికీ కనిపించని చోట."

హేమసుందరి అప్పటికే నోట్ రాసి పెట్టుకుంది. "సదరు గేటును నిల్వ చేయుటకు సరియైన కొలతలు గల గాడి పెదగరువు లాకుల వద్ద లభ్యమగుచున్నది. ప్రస్తుతము ఆ గాడిని ఒక పాత గేటు ఆక్రమించియున్నందున, దానిని తొలగించి, కొత్త గేటును అందు తాత్కాలికముగా నిలువుగా భద్రపరచవచ్చును."

"అది ఎవరికైనా కనిపిస్తుందా?"

"శాఖ అధికారులెవరూ ఇంతవరకూ అక్కడికి వెళ్లలేదండి."

ఆయన సంతకం పెట్టారు.

కాలవ ఎండిపోయి ఉంది. క్రేను వచ్చి పాత గేటును ఎత్తుతుండగానే అది మధ్యకు విరిగి రెండు ముక్కలుగా కాలవ అడుగున పడింది. గట్టు మీదున్న నాలుగూళ్ల జనమూ ఒక్కసారిగా అంచుదాకా వచ్చి కిందికి వంగి చూశారు. తమ పొలాలకూ నీళ్లకూ మధ్య ఇన్నాళ్లూ నిలబడింది అదన్నమాట. కొత్త గేటు గాడిలో దిగి సర్దుకున్నాక దావీదు చక్రం తిప్పాడు. ఒక్క చేత్తో తిరిగింది. ఆరేళ్లుగా ఇద్దరు మనుషులు వేలాడితే తప్ప తిరగనిది.

"బావా," అన్నాడు దావీదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కృపానందం కథ అక్కడితో సుఖాంతం అయ్యేదే. మంత్రిగారు రాకపోతే.

మంత్రిగారు అరవై మూడు వెండి కట్టడాలనూ ఆవలింతలతో దాటుకుంటూ వచ్చారు. అరవై నాలుగో దాని ముందు మేలుకున్నారు. ఎర్ర తాడు పక్కకు జరిపి, వంగి, తుప్పు మీద వేలితో గీసి చూశారు.

"ఎవరయ్యా చేసింది? రంగా ఇది! నిజం తుప్పనుకున్నాను. పనంటే ఇదీ! ప్రభుత్వం దేన్నీ దాచుకోదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?"

అప్పటిదాకా కృపానందాన్ని స్తంభం వెనకాల నిలబెట్టిన ఉమాపతి గారు చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చారు. "మా శాఖ ప్రత్యేక కృషి సార్. అధికారికంగా ముప్పై నాలుగు శాతం తుప్పు. శాస్త్రీయంగా కొలిపించాము."

"అద్భుతం. పదండి, అసలుది కూడా చూద్దాం. ఎంత పోలిక వచ్చిందో చూడాలి."

 పన్నెండు కిలోమీటర్లూ ఉమాపతి గారు కారులో భూతద్దం తుడుస్తూనే ఉన్నారు. లాకుల దగ్గర దిగి చూస్తే గేటు నీలంగా, నున్నగా, ఎండలో ధగధగా మెరుస్తోంది. మంత్రిగారి మొహం చిన్నబోయింది.

"ఇదేంటయ్యా, అక్కడున్న సహజత్వం ఇక్కడ లేదే?"

కారులో వచ్చిన ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

"నమూనా ముందుగా ఆమోదం పొందినది సార్," అన్నారు ఉమాపతి తడబడుతూ. "కట్టడమే... కొంత వెనకబడి ఉన్నది."

"వారంలో మళ్లీ వస్తాను. రెండూ పక్కపక్కన వేసి పేపర్లో ఫోటో రావాలి. పోలిక తప్పకూడదు."

ఆ సాయంత్రమే ఉత్తరువు తయారైంది. పెదగరువు గేటును ఆమోదిత నమూనాకు అనుగుణంగా ముప్పై నాలుగు శాతం మేర తుప్పు పట్టించాలి. ఉమాపతి గారు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ వ్యవహారంలో నకిలీ తుప్పు ఉండరాదనీ, యాసిడ్ పోసి అసలు తుప్పే తెప్పించాలనీ చేర్చారు.

కృపానందం జీవితంలో మొదటిసారి పై అధికారి బల్ల మీద చెయ్యి వేశాడు.

"యాసిడ్ వద్దండి."

"ఎందుచేత?"

గేటు పాడైపోతుందని చెబితే ఆయనకు పట్టదని కృపానందానికి తెలుసు. అందుకని ఇలా అన్నాడు. "యాసిడ్ తుప్పు మన చెప్పుచేతల్లో ఉండదండి. ముప్పై నాలుగు దగ్గర ఆగమంటే ఆగదు. నలభైకి పోయిందనుకోండి, నమూనాకు తేడా వచ్చేస్తుంది. నా చేతి తుప్పయితే శాతం తప్పదండి."

ఉమాపతి గారు ఈ వాదనలోని బలాన్ని వెంటనే గుర్తించారు. "అదుపులో ఉండే తుప్పు," అని పలవరించి, యాసిడ్ వాక్యం కొట్టేశారు.

కుంచెలు పనికిరాక కృపానందం చీపుళ్లు పట్టుకుని గట్టెక్కాడు. టీ పొడి రెండు బస్తాలు మరిగించాడు. ఇటిక పొడి బండి మీద వచ్చింది. రంగుల్లో నూనెది ఒక్కటీ వాడలేదు. అన్నీ జిగురు నీళ్లలో కలిపే సున్నం రంగులు, తడి గుడ్డతో తుడిస్తే పోయేవి. కానీ దూరం నుంచి చూసేవాళ్లకు అదెలా తెలుస్తుంది? ఒక్కొక్క చారా కిందికి లాగుతుంటే గట్టు మీద జనం పెరిగారు. ఒక ముసలామె చెయ్యి ఊపుతూ తిట్టిపోసింది. "నీ సేతులిరిగిపోనూ! బంగారంలాంటి గేటు మొన్నే ఏత్తే, అప్పుడే పాడు సేత్తన్నావేంట్రా!"

 దావీదు మాత్రం మూడు రోజులూ దగ్గరకు రాలేదు. అదే కృపానందాన్ని ఎక్కువ కోసింది. ఆఖరి రోజు నిచ్చెన దిగి, బామ్మర్దిని చెయ్యి పట్టి తీసుకొచ్చి, తడి తువ్వాలు చేతికిచ్చి, "ఆ మూల రుద్దు," అన్నాడు. దావీదు రుద్దాడు. తుప్పు తువ్వాలుకు వచ్చేసి, కింద నీలం రంగు నవ్వింది.

దావీదు కాసేపు ఆ నీలాన్నీ బావ మొహాన్నీ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాడు. నవ్వు ఆగాక అన్నాడు. "ఇంత గోరంగా ఏసేవేటి బావా! నిన్న నాకు జొరమొచ్చీసింది."

మంత్రిగారు వచ్చారు, పరవశించారు, ఫోటో దిగారు. గేటు మీద చెయ్యి వెయ్యబోతుంటే కృపానందం, "చెయ్యికి అంటుకుంటుందండి," అన్నాడు. "ఎంత సహజంగా చెప్పాడు!" అని మంత్రిగారు ఇంకోసారి మెచ్చుకున్నారు.

జూన్ పదిహేనున కాలవకు నీళ్లొదిలారు. ఎర్రటి నీరు నురగలు కక్కుతూ వచ్చి గేటును తాకింది. నీరు తాకినంత మేరా తుప్పు కరిగి కాలవలో కలిసిపోయింది, మిగిలింది రెండు రోజుల వానకు పోయింది. ఆ నెలలోనే ఎగువన వరద వచ్చి మట్టం గేటు పై అంచుకు రెండడుగుల కింది దాకా లేచింది. దావీదు దించిన గేటు దించినట్టే ఉంది. బొట్టు నీరు దాటలేదు. దిగువన ఆకుమళ్లు పచ్చగా నిలబడ్డాయి.

ఉమాపతి గారికి మాత్రం నిద్ర పట్టలేదు. మూడు నెలలకోసారి పంపే నివేదికలో తుప్పు ముప్పై నాలుగు నుంచి సున్నాకు ఎలా పడిపోయిందో రాయాలి. ప్రభుత్వం ఆమోదించిన తుప్పు ప్రభుత్వ కాలవలోనే కొట్టుకుపోయింది. ఆయన కృపానందాన్ని పిలిపించారు.

"ఇది పునరావృతం కారాదు. తుప్పును ఏటేటా పునరుద్ధరించుటకు శాశ్వత విధానం రూపొందించండి."

కృపానందం హేమసుందరి వైపు చూశాడు. ఆమె తెల్లకాగితం ముందుకు తోసింది.

మధ్యాహ్నానికి విధానం సిద్ధమైంది. తుప్పు కల్పనకు ముందు, ఉపరితలము మీద అనుమతి లేకుండా ఏర్పడిన తుప్పును పూర్తిగా గీకివేయవలెను. గుల్లబారిన రేకులున్నచో మార్చవలెను. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఎనామిల్ రెండు పూతలు వేయవలెను. ధూళి సహజముగా అంటుకొనుటకు గేర్లకూ గొలుసులకూ గ్రీజు దట్టించవలెను. ఇవన్నియు పూర్తయిన పిమ్మట, పైన ఆమోదిత తుప్పును నీటి రంగులతో పూయవలెను.

ఉమాపతి గారు రెండుసార్లు చదివారు. "గట్టి పునాది లేనిదే తుప్పు నిలవదంటారు."

"నిలవదండి."

"మరి తక్కిన గేట్ల సంగతి? వాటికి ఇప్పటికే తుప్పు పట్టి ఉన్నట్లు వినికిడి."

"అది అనుమతి లేకుండా పట్టిందండి," అంది హేమసుందరి.

ఆయన తల ఊపి, అన్ని లాకులకూ వర్తింపజేయమని రాసి సంతకం చేశారు.

వానాకాలం ముగిసేనాటికి డెల్టా మొత్తం మీద సంగతి పాకిపోయింది. ఒక సోమవారం ఉదయం కృపానందం ఆఫీసుకు వచ్చేసరికి బంగళా మెట్ల మీద ఖాకీ చొక్కాల్లో తొమ్మిదిమంది లస్కర్లు కూర్చుని ఉన్నారు. అందరికంటే పెద్దాయన లేచి చేతులు జోడించాడు.

"బాబూ, మాది రావిపాయ లాకులండి. మా గేటుక్కూడా మీ తుప్పు ఏయించాలండి."

"ఎలాంటిది కావాలి బాబాయ్? కొత్తదా, పాతదా? చారలెక్కువుండాలా, పెచ్చులెక్కువుండాలా?"

పెద్దాయన వెనక్కి తిరిగి తక్కినవాళ్లను చూశాడు.  మళ్లీ ఇటు తిరిగి అన్నాడు.

"పైన మీ ఇష్టవండి, ఎంత గోరంగా ఏసినా మాకు పర్లేదు. అడుగున మాత్రం ఆ రెండేసి పూతలూ సరిగ్గా పడాలండి."